కంప్యూటరు మేలుకొనే వేళ

మా కళాశాల కంప్యూటరు గదిలో 20 యంత్రాలున్నాయి. వాటిలో పనిచేసేవి 13. మిగిలిన 7 యంత్రాలు ఆ 13 యంత్రాలకు కావలసిన విడిభాగాలను సమయానికి దానం చేస్తూ త్యాగజీవనం గడుపుతున్నాయి. పనిచేసేవాటికైనా మీట నొక్కగానే పలికే అలవాటు లేదు. మొదట ఫ్యాను చప్పుడు వినబడుతుంది. తరువాత తెర నల్లగా ఉంటుంది. ఆ తరువాత తయారుచేసిన కంపెనీ గుర్తు కనిపించి మాయమవుతుంది. చివరకు చిన్న చుక్కలు వలయాకారంగా తిరుగుతూ ఉంటాయి. ఆ చుక్కలు తిరిగే కాలంలో మేము హాజరు చెప్పుకున్నాము, జంతికలు తిన్నాము, క్రికెట్టు పందెములు తీర్చుకున్నాము. ఉర్దూ మాధ్యమం మిత్రులు ఆ సమయాన్ని "సాహెబుగారు నిద్ర లేస్తున్నారు" అనేవారు. ఆ హాస్యం ఒక సంవత్సరంపాటు చక్కగా సాగింది.

అది ఆగిపోయిన సాయంత్రాన్ని గూర్చి మొదట చెప్పవలసి ఉన్నది.

మా సహాధ్యాయిని ఒకతె పొందూరు నుండి ప్రతిదినం పాసింజరు బండిలో విజయనగరం వస్తుంది. తండ్రి లేడు. తల్లి రాట్నం మీద నూలు వడుకుతుంది. ఉపకార వేతనపు దరఖాస్తుకు జతచేయవలసిన ఆదాయ ధృవీకరణ పత్రం ఆమె చేతికి వచ్చింది గత సంవత్సరం గడువు ముగిసే రోజున, అదీ మధ్యాహ్నం భోజనవేళ దాటిన తరువాత. కళాశాల తరఫున ధృవీకరణ చేయడానికి వేలిముద్ర తీసే పరికరం ఒకటున్నది. అది మా గదిలోని ఒకే ఒక్క యంత్రానికి అమర్చి ఉన్నది. కనుక చేతిలో ఎన్ని సెల్‌ఫోన్లున్నా ప్రయోజనం లేదు. సాయంత్రం 6 గంటలకు గడువు. 5 గంటలు దాటిన కొద్దిసేపటికి కరెంటు పోయింది. యు.పి.ఎస్. బ్యాటరీలు ఎప్పుడో నీరసించాయి. అవి ఒక కూత కూసి ఊరుకున్నాయి. పావుగంట తరువాత కరెంటు వచ్చింది. మీట నొక్కాము. చుక్కలు తిరగసాగాయి. వాటి క్రింద ఆంగ్లంలో, నవీకరణ జరుగుతున్నది, యంత్రాన్ని ఆపవద్దు అని ఒక వాక్యం. అయిదు నిమిషాలు చూశాము. ఏడు నిమిషాలు చూశాము. ఆమె గడియారం వైపు చూడడం మానివేసి మా ముఖాల వైపు చూడసాగింది. అప్పుడు మేము మీటను వేలితో అదిమిపెట్టి యంత్రాన్ని బలవంతంగా ఆపి, మళ్ళీ వేశాము.

ఈసారి యంత్రం తన డిస్కునంతటినీ పరీక్షించుకోవడం మొదలుపెట్టింది. నూటికి 4 పాళ్ళు అయినది, 9 పాళ్ళు అయినది అని తెరమీద తెలియజేస్తూ నడిచింది. ప్రవేశపు తెర కనిపించేసరికి 6 గంటల 20 నిమిషాలు. ఆ సంవత్సరం రుసుము కట్టడానికి ఆమె తల్లి చెవుల దుద్దులు తాకట్టు కొట్టుకు వెళ్ళాయి. మీట అదిమిన వేలు ఎవరిదని మా మిత్రులు ఇప్పటికీ అడుగుతారు. ఈ వ్యాసంలో మేము "మేము" అని వ్రాస్తున్నాము. ఆ వేలు ఈ మాటలోనే ఉన్నది.

మరునాడు ఆ డిస్కును పట్టుకొని గంటస్తంభం సమీపంలో మరమ్మతు కొట్టు నడిపే చాచా దగ్గరకు వెళ్ళాము. ఆయన వాల్వు రేడియోలతో చేయి తిప్పుకొని, టెలివిజన్ల మీదుగా కంప్యూటర్లకు వచ్చినవాడు. సంగతి విని కోపపడలేదు.

"ఏటి బాబూ, అంత తొందరేటి? మా చిన్నప్పుడు రేడియో వేస్తే వాల్వులు వేడెక్కేదాకా అర నిమిషం కూర్చునేవాళ్ళం. ఎవడైనా దాన్ని కొట్టినాడా? ఇది అలాగ కాదు, ఇది ఖాళీగా కూర్చోలేదు. పని చేసుకుంటాది. అది ఏం పని చేస్తుందో మీకు తెలియదు, అందుకని ఊరికే ఉందనుకున్నారు."

"ఏం పని చేస్తుంది చాచా?" అని అడిగాము.

"చదువుకున్నోళ్ళు మీరు. మీరే చూసి నాకు చెప్పండి" అన్నాడు.

ఆ విధంగా, పరీక్షకు రాని ఒక పాఠాన్ని మేము కొన్ని వారాలపాటు చదివాము. చదివినదానిని ఇక్కడ పొందుపరుస్తున్నాము.

అన్నింటికంటె ముందు గ్రహించవలసినది, కరెంటు పోయిన కంప్యూటరుకు ఏదీ గుర్తుండదు. అది పనిచేసేటప్పుడు వాడుకొనే ర్యామ్ అనే జ్ఞాపకశక్తిలో ఒక్కొక్క అంశం ఒక సూక్ష్మమైన విద్యుత్ పాత్రలో నిలువ ఉంటుంది. ఆ పాత్రలన్నీ చిల్లికుండలే. సెకనులో వెయ్యవ భాగాన్ని మిల్లీసెకను అంటారు. సుమారు 64 మిల్లీసెకన్లకు ఒకసారి ప్రతి పాత్రనూ మరల నింపకపోతే అందులోనిది కారిపోతుంది. కరెంటు ఉన్నంతకాలం ఆ నింపే పని నిర్విరామంగా జరుగుతూనే ఉంటుంది. కరెంటు పోతే అంతా ఖాళీ. కాబట్టి ప్రతి ఉదయం మా గదిలోని యంత్రం తాను కంప్యూటరునన్న సంగతి కూడా తెలియని స్థితిలో కళ్ళు తెరుస్తుంది. ఏమి చేయాలో చెప్పే కార్యక్రమం డిస్కులో ఉన్నది. డిస్కులోనుండి చదవాలంటే, ఎలా చదవాలో చెప్పే కార్యక్రమం ముందుగా ర్యామ్‌లో ఉండాలి. అది ర్యామ్‌లోకి రావాలంటే డిస్కు నుండి చదవాలి!

ఎంత నేర్పుగల నటుడైనా తన భుజం మీదికి తానే ఎక్కలేడని మన శాస్త్రకారులు ఒక దృష్టాంతం చెప్పేవారు. పాశ్చాత్యులు అదే భావాన్ని, తన బూట్ల పట్టీలను తానే పట్టుకొని తన్ను తాను పైకి లేపుకోవడం అనే మాటతో చెప్పుకున్నారు. బూటింగు అనే పదం ఆ పట్టీలలోనుండి పుట్టినదే. అసాధ్యానికి గుర్తుగా పుట్టిన పదాన్ని ప్రతి ఉదయం ప్రతి కార్యాలయంలోనూ జరిగే పనికి పేరుగా పెట్టుకోవడం మాకు ముచ్చటగా తోచింది.

ఈ చిక్కుముడిని పూర్వులు చేతితోనే విప్పారు. హైదరాబాదులో 1967లో నెలకొల్పిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ, అనగా ఇ.సి.ఐ.ఎల్., 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరును వెలువరించింది. తెలుగుగడ్డ మీద తయారైన తొలి కంప్యూటర్లలో దానిని చెప్పుకోవాలి. ఆ తరపు చిన్న కంప్యూటర్ల ముఖఫలకం మీద వరుసగా మీటలు ఉండేవి. యంత్రం వేసిన మనిషి ఆ మీటలను పైకీ క్రిందికీ వేస్తూ, ఒక్కొక్క ఆదేశాన్నీ స్వహస్తంతో లోపలికి ఎక్కించేవాడు. ఆ కొద్ది ఆదేశాలు కాగితపు పట్టీ మీది రంధ్రాలను చదవడం యంత్రానికి నేర్పేవి. ఆ పట్టీ మిగిలినదంతా నేర్పేది. అంటే నటుడిని మొదటిసారి భుజానికెత్తినది ఇంకొక మనిషి అన్నమాట.

ఇక్కడ ఒక చిత్రం కూడా ఉన్నది. ఆ తరపు యంత్రాలు చాలావాటిలో జ్ఞాపకశక్తి చిన్న చిన్న అయస్కాంత వలయాలతో చేసినది. కరెంటు పోయినా అందులోనిది చెరిగేది కాదు. మనకు ఇప్పుడున్న ర్యామ్ దానికంటె ఎన్నో రెట్లు వేగం, ఎన్నో రెట్లు చవుక, ఎన్నో రెట్లు విశాలం. మరపు మాత్రం దీని సొత్తు. వేగాన్ని కొనుక్కోవడానికి మనం గుర్తును అమ్ముకున్నామని మాలో ఒకరు అన్నారు. అది కొంచెం కవిత్వమైనా అబద్ధం కాదు.

ఇప్పుడు మీటలు వేసే ఆ మనిషి స్థానంలో, మదర్‌బోర్డు మీద అతికించిన ఒక చిన్న చిప్పు ఉన్నది. అందులోని కార్యక్రమం కరెంటు పోయినా చెరగదు. పాత యంత్రాలలో దానిని బయోస్ అనేవారు, క్రొత్తవాటిలో యు.ఈ.ఎఫ్.ఐ. అంటారు. మనం మీట నొక్కగానే విద్యుత్తు సరఫరా పెట్టె ముందుగా తన్ను తాను సరిచూసుకొంటుంది. 12 వోల్టులు, 5 వోల్టులు, 3.3 వోల్టులు నిలకడగా వస్తున్నాయని నమ్మకం కుదిరిన తరువాతనే "విద్యుత్తు బాగున్నది" అని ఒక సంకేతం పంపుతుంది. సెకనులో పదోవంతు నుండి సగం వరకు దానికే పోతుంది. ఆ సంకేతం అందేదాకా ప్రాసెసరు కదలడానికి వీలులేదు. అందిన తక్షణం అది ఎవరినీ అడగకుండా, తయారీలోనే నిర్ణయించిన ఒక చిరునామాకు పోయి మొదటి ఆదేశాన్ని చదువుతుంది. నేటి పి.సి. ప్రాసెసర్లలో ఆ చిరునామా 4 గిగాబైట్ల హద్దుకు సరిగ్గా 16 బైట్లు ఇవతల. 16 బైట్లలో ఏమి పడుతుంది? "ఫలానా చోటికి వెళ్ళు" అనే ఒక్క మాట మాత్రం పడుతుంది. ఆ ఒక్క మాటతో దినచర్య మొదలు.

అప్పటికి ర్యామ్ సిద్ధంగా ఉండదు. దానిని సిద్ధం చేయడమే తరువాతి పని. ప్రాసెసరుకూ ర్యామ్‌కూ మధ్యనున్న తీగలలో సంకేతాలు ఎంత వేగంగా పరుగెత్తుతాయంటే, ఒక తీగ మరొకదానికంటె వెంట్రుకవాసి పొడవైనా లెక్క తప్పుతుంది. అందుకని కొన్ని నమూనా అంకెలు వ్రాసి, తిరిగి చదివి, తేడా ఉంటే సర్ది, మరల వ్రాసి చదువుతూ తాళం కుదుర్చుకొంటుంది. సంగీత కళాశాల ఉన్న ఊరు మాది. తంబురా శ్రుతి చేసుకొనే విద్వాంసుని మీద ఇక్కడ ఎవరూ విసుక్కోరు. అదే పనిని నల్లని తెర వెనుక చేస్తున్నందుకు కంప్యూటరును మాత్రం తిట్టిపోస్తున్నాము. పాత పి.సి.లలో ర్యామ్‌ను లెక్కిస్తూ తెరమీద అంకెలు పరుగెత్తేవని చాచా చెప్పాడు. ఆ అంకెలను ఇప్పుడు కంపెనీ గుర్తు క్రింద దాచివేశారు. లోపల పని జరుగుతున్నదని మనిషికి తెలిపే ఆధారం పోయింది; అసహనం మాత్రం మిగిలింది.

ర్యామ్ కుదిరిన పిదప యంత్రం తన ఇంటిలో ఎవరెవరున్నారో తెలిసికోవడానికి బయలుదేరుతుంది. కీబోర్డు ఉన్నదా, మౌసు ఉన్నదా, డిస్కు ఉన్నదా, ప్రింటరు తగిలించారా, వేలిముద్ర పరికరం ఉన్నదా? దీనిని మాకు చక్కగా బోధపరచినది పుస్తకం కాదు, రంజాన్ మాసం. మా వీధులలో సహరీ వేళకు జనాన్ని లేపడానికి ఒక పెద్దాయన తిరుగుతాడు. ప్రతి తలుపూ తట్టి, లోపల దీపం వెలిగేదాకా నిలబడి, ముందుకు కదులుతాడు. మేలుకొని ఉన్నవారి ఇంటి ముందు ఆయనకు క్షణం పట్టదు. గాఢనిద్రలో ఉన్నవారి ఇంటి ముందు కొంత ఆలస్యం. అన్నింటికంటె ఎక్కువసేపు నిలబడేది, ఊరికి వెళ్ళి తాళం వేసికొన్నవారి ఇంటి ముందు! లోపల ఎవరూ లేరని ఆయనకు తెలియదు. కొంతసేపు తట్టి, ఇక లేవరులే అని నిశ్చయించుకొని పోవాలి. కంప్యూటరుది సరిగ్గా ఇదే అవస్థ. బదులిచ్చే పరికరంతో దానికి ఇబ్బంది లేదు. చెడిపోయిన పరికరం, సగం ఊడిన తీగ, ఎప్పుడో తీసివేసిన నెట్‌వర్కు దారి వీటి ముందు అది నిర్ణీతమైన గడువు వరకు వేచి ఉండవలసినదే. మా యంత్రం వెనుక ఏ ప్రింటరుకూ చెందని ఒక తీగ సంవత్సరాలుగా వ్రేలాడుతూ ఉండేది. దానిని పీకివేసిన రోజున యంత్రం కొన్ని సెకన్లు ముందుగా లేచింది. ఆ సంతోషంలో మేము అందరికీ టీ ఇప్పించాము.

తలుపులు తట్టడం అయిన తరువాత చిన్న చిప్పు తన పని ముగించి, డిస్కులోని బూట్ లోడరుకు పగ్గాలు అప్పగిస్తుంది. బయోస్ పద్ధతిలో డిస్కు మొట్టమొదటి గది 512 బైట్లు మాత్రమే. అందులోనూ కార్యక్రమానికి దక్కేది 446 బైట్లు. ఈ వ్యాసంలోని ఒక పొడవైన వాక్యానికి అంతకంటె ఎక్కువ చోటు కావచ్చు. ఆ చిన్నది పెద్దదానిని పిలుస్తుంది. పెద్దది కెర్నెల్ అనే మూలకార్యక్రమాన్ని ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది. కెర్నెల్ డ్రైవర్లను పిలుస్తుంది. ఆ తరువాత గడియారం, నెట్‌వర్కు, అక్షరాలు, వైరస్ కాపలాదారు, నవీకరణ అధికారి అంటూ పదుల సంఖ్యలో సేవకులు లేస్తారు. చివరకు మన పేరూ సంకేతపదమూ అడిగే తెర వస్తుంది.

అయితే, సెకనుకు 300 కోట్ల స్పందనలుగల ప్రాసెసరుకు ఈ పనులన్నీ ఎంత? ఈ ప్రశ్న దగ్గర మేము చాలా రోజులు నిలిచిపోయాము. సమాధానం డిస్కులో దొరికింది. మా యంత్రంలో ఉన్నది పళ్ళెంలాగా తిరిగే పాత హార్డ్ డిస్కు. నిమిషానికి 7200 చుట్లు. అంటే సెకనుకు 120. చదివే ముల్లు కావలసిన వరుస మీదికి పోవడానికి సుమారు 9 మిల్లీసెకన్లు. అక్కడ కావలసిన భాగం తిరిగి వచ్చేదాకా సగటున మరో 4. వెరసి 13 మిల్లీసెకన్లు. ఇది మనకు రెప్పపాటు కూడా కాదు. కాని ఆ వ్యవధిలో ప్రాసెసరుకు 3 కోట్ల 90 లక్షల స్పందనలు గడిచిపోతాయి. ఒక్కొక్క స్పందనను మన ఒక సెకనుగా భావిస్తే, అది 451 రోజులు! ఒక చిన్న ముక్క కోసం డిస్కుకు కబురుపంపి, ఏడాదింపావు వీధి అరుగు మీద కూర్చోవడం అన్నమాట. లేచేటప్పుడు కావలసిన చిన్న చిన్న ముక్కలు వేలసంఖ్యలో ఉంటాయి. అవి డిస్కులో ఒకచోట ఉండవు. సెకనుకు డెబ్బదియైదో ఎనుబదియో చదవగల డిస్కు, వేల ముక్కలకు నిమిషం మీద నిమిషం తీసికొనడంలో వింత ఏమున్నది? తిరిగే భాగాలులేని ఎస్.ఎస్.డి.లో అదే ముక్క సుమారు సెకనులో పదివేలవ వంతులో చేతికి వస్తుంది. పై లెక్క ప్రకారం మూడున్నర రోజులు. ఎస్.ఎస్.డి. పెట్టిన యంత్రం క్షణాలలో లేవడం ప్రాసెసరు గొప్పతనం కాదు. దాని నిరీక్షణ తగ్గింది, అంతే.

చాచాకు ఈ లెక్క చెప్పినప్పుడు ఆయన తృప్తిగా తల ఊపి, "మరి బి.బి.సి. మైక్రో సంగతి?" అని క్రొత్త ముడి వేశాడు. 1984లో కేంద్రప్రభుత్వం క్లాస్ అనే పథకం క్రింద పాఠశాలలకు పంపిన ఇంగ్లండు కంప్యూటరు అది. మీట వేయగానే ఒక చిన్న కూత కూసి, సుమారు ఒక సెకనులో సిద్ధంగా కూర్చునేది. దాని ప్రాసెసరు వేగం సెకనుకు 20 లక్షల స్పందనలు మాత్రమే; మా యంత్రంలో పదిహేను వందలవ వంతు. అది సెకనులో లేచి, ఇది నిమిషాలు తీసికొనడం న్యాయమా?

న్యాయమే. దాని పెట్టుబడి అంతా 32 కిలోబైట్ల రోమ్. ఆ చెరగని చిప్పులోనే దాని విద్య అంతా ముద్రించి ఉండేది. డిస్కు నుండి తెచ్చుకోనక్కరలేదు. తగిలించే పరికరాలు తక్కువ. వాటి పేర్లు దానికి పుట్టుకతోనే తెలుసు. నెట్‌వర్కు కాపలా, నవీకరణ లేవు. ఒంటరివాడు ప్రయాణమైతే భుజాన తువ్వాలు వేసికొని బయలుదేరుతాడు. పెండ్లివారు బయలుదేరాలంటే బండ్లు కట్టాలి. మన యంత్రాల వేగం పెరిగిన కొద్దీ పెండ్లివారి సంఖ్య పెంచుకుంటూ పోయాము. ఇందులో అవసరమైన చుట్టాలు కొందరైతే, పిలవకుండా వచ్చినవారు కొందరు. మా యంత్రంలో ఎవరూ అడగకపోయినా లేచి కూర్చునే కార్యక్రమాలు 11 లెక్కించాము. వాటిలో ఒకదానిని స్థాపించిన విద్యార్థి పట్టా పుచ్చుకొని వెళ్ళిపోయాడు. అతని ఆట మాత్రం ప్రతి ఉదయం అందరికంటె ముందు లేచేది.

ఉర్దూ, తెలుగు రెండు లిపులు నడిచే కళాశాల మాది కనుక ఇంకొక మాట. లేచే సమయంలో మా యంత్రాలు మాట్లాడేది ఆంగ్లంలోనే. ఇది కేవలం దర్పం అనుకొని కొంతకాలం కోపగించుకున్నాము. సగం పొరపాటు. పాత పి.సి.లలో చిప్పులోనే ముద్రించిన అక్షరాలు 256 మాత్రమే. ఒక్కొక్కటి ఒక్కొక్క గడిలో ఒంటరిగా నిలబడగలిగే అక్షరం. తెలుగులో "స్త్రీ" అని వ్రాయాలంటే మూడు హల్లులూ ఒక అచ్చూ కలిసి ఒకే రూపం దాల్చాలి. ఉర్దూ నస్తాలీఖులో అక్షరం తన పొరుగువారిని బట్టి ఆకారం మార్చుకొని, కుడినుండి ఎడమకు ఏటవాలుగా దిగాలి. ఆ కూర్పు తెలిసిన కార్యక్రమం, ఆ అక్షరరూపాలు డిస్కులో ఉంటాయి. అవి పెండ్లివారిలో చివరి బండిలో వస్తాయి. 1991లో యూనికోడులో తెలుగుకు స్థానం దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు అక్షరాలు వచ్చాయి. అయినా ఇవన్నీ మేలుకొన్న తరువాతి సంగతులే. యంత్రాన్ని ఆపవద్దు అన్న ఆ ఒక్క వాక్యం ఆ సాయంత్రం తెలుగులోనో ఉర్దూలోనో ఉండి ఉంటే మా వేలు ఆగి ఉండేదా అని ఆలోచించాము. ఆగేది కాదనే అనుకుంటున్నాము. మాకు వాక్యం అర్థమైంది. కారణం అర్థం కాలేదు.

ఆ కారణం ఇది. యంత్రం డిస్కులోని పాత భాగాలను తొలగించి క్రొత్తవి అమరుస్తున్నది. ఏ భాగం ఎక్కడున్నదో తెలిపే పట్టికను కూడా దిద్దుతున్నది. ఇల్లు మారే మనిషి సామాను సగం వీధిలో, సగం లోపల ఉన్నప్పుడు అతనిని ఈడ్చుకొనిపోతే ఎలా ఉంటుందో, మీట అదిమిన క్షణంలో డిస్కు అలా ఉన్నది. మరల లేచిన యంత్రం చేయవలసిన మొదటి పని ఏ సామాను ఎక్కడ ఉన్నదో వెదకుకోవడం. సెకనుకు డెబ్బదియైదు ముక్కల లెక్కన వెదికింది. మేము ఆపకుండా ఉంటే 6 గంటలలోపల లేచేదా? లేచి ఉండవచ్చునని చాచా అన్నాడు. అనక తప్పదు కాబట్టి అన్నాడు, మా ముఖాలు చూడకుండా.

చాలామంది ఇళ్ళలో కంప్యూటర్లు తొందరగా లేస్తున్నాయి గదా అనవచ్చు. అందులో ఒక గమ్మత్తు ఉన్నది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుండి, ఆపు అన్నప్పుడు యంత్రం పూర్తిగా ఆరిపోకుండా, కెర్నెల్ స్థితిని డిస్కు మీద వ్రాసిపెట్టుకొని పడుకొనే పద్ధతి వచ్చింది. మరునాడు కొత్తగా అన్నీ కూర్చుకోకుండా ఆ వ్రాత చదివి లేస్తుంది. ఇది నిద్ర కాదు, కునుకు. అందుచేతనే కొన్ని జబ్బులకు ఆపి వేసినా గుణం కనిపించదు. "రీస్టార్ట్" అంటేనే కనిపిస్తుంది. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు ఆ వ్రాతకు అవకాశమే లేదు. మా ప్రాంతపు కరెంటు సెలవు అడిగి వెళ్ళే రకం కాదు.

కరెంటు మాట వచ్చినది కనుక, యంత్రాలు లేవడాన్ని మేము మొట్టమొదట చూసినది కంప్యూటరు గదిలో కాదని చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు మేము చిన్నపిల్లలం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను నేలమట్టం చేసినప్పటికి కొంత జ్ఞానం వచ్చింది. రోజులకు రోజులు చీకటి. తరువాత స్తంభాలు నిలిపి, తీగలు లాగి, దీపాలు వెలిగించారు. అన్ని ఊళ్ళకూ ఒక్కసారి కరెంటు ఎందుకు వదలరని మేము ఇంట్లో పెద్దలను విసిగించినవాళ్ళమే. ముందు పెద్ద లైను, తరువాత సబ్‌స్టేషను, ఆ తరువాత ఒక్కొక్క ఫీడరు. ఒకటి నిలబడిందని తేలిన తరువాతనే రెండవది. అన్ని మోటార్లూ అన్ని ఫ్యాన్లూ ఒకేసారి లాగితే, నిలబెట్టినది కాస్తా కూలిపోతుంది. ఒక జిల్లాకు జిల్లా బూట్ కావడం అది. అప్పుడు మా వీధికి ఇంకా రాలేదని గొణిగిన పిల్లలమే, పెద్దయి కంప్యూటరు మీట అదిమాము.

తరువాత మేము చేసినవి పెద్ద పనులేమీ కావు. ఆ 11 పిలవని చుట్టాలను లేవకుండా చేశాము. నవీకరణలు ఆదివారం జరిగేటట్లు అమర్చాము. అధ్యాపకులను వెంటబడి ఆ ఒక్క యంత్రానికి యు.పి.ఎస్. బ్యాటరీ మార్పించాము. చందా వేసికొని, చాచా దగ్గర ఒక చిన్న ఎస్.ఎస్.డి. కొని వేయించాము. ఆయన పనికి కూలి పుచ్చుకోలేదు. "ఆ అమ్మాయి ఫారం వెళ్ళిన రోజున వచ్చి చెప్పండి బేటా" అన్నాడు.

ఈ సంవత్సరం ఆమె దరఖాస్తు గడువుకు ఎనిమిది రోజుల ముందే సిద్ధమైంది. అందరమూ ఆ యంత్రం చుట్టూ చేరాము. ఆనవాయితీ ప్రకారం కరెంటు పోయింది. క్రొత్త బ్యాటరీ కొన్ని నిమిషాలు నిలిచింది. కరెంటు అంతకంటె ఎక్కువసేపు నిలువలేదు. యంత్రాన్ని పద్ధతిగా ఆపాము. తిరిగి కరెంటు వచ్చిన తరువాత ఆమె తానే మీట నొక్కింది. ఫ్యాను చప్పుడు. నల్లని తెర. ఎవరూ మాట్లాడలేదు. మాలో ఒకరి చేయి అలవాటుగా ముందుకు జరిగితే, ఆమె దానిని చూసి, "ఉండండి, తలుపులు తడుతున్నది" అన్నది. పదిహేను, పదహారు సెకన్లు. ప్రవేశపు తెర వచ్చింది. వేలిముద్ర పరికరం ఎర్రగా వెలిగింది. ఫారం వెళ్ళింది. ఆమె రసీదును రెండు ప్రతులు తీసి, ఒకటి తల్లికి చూపడానికి మడిచి సంచిలో పెట్టుకొని బండికి పరుగెత్తింది.

మేము చాచాకు చెప్పి వచ్చాము. ఉపకార వేతనం ఈ సంచిక అచ్చుకు వెళ్ళే సమయానికి ఇంకా బ్యాంకులో పడలేదు. దుద్దులు తాకట్టు కొట్టులోనే ఉన్నాయి.